సైకిలు మెడలో గుంటలు

కొంతకాలం వాడిన సైకిలు ముందుచక్రాన్ని నేలమీదినుంచి కొద్దిగా పైకెత్తి, హేండిలును ఒక్క వేలితో మెల్లగా ఇటూ అటూ తిప్పి చూడండి. కొత్త బండి అయితే హేండిలు నూనెలో కదిలినట్లు సాఫీగా తిరుగుతుంది. పాత బండి అయితే చాలా సందర్భాలలో చక్రం సరిగ్గా తిన్నగా నిలిచే చోటికి రాగానే 'టక్' మని గాడిలో పడినట్లు ఆగుతుంది. అక్కడినుంచి కదపాలంటే కొంచెం బలం వాడాలి. వాడితే ఒక్కసారిగా దూకుతుంది. ఇది చిన్న లోపమని కొట్టివేయటానికి వీలు లేదు. సైకిలు తిన్నగా పోతున్నట్లు కనిపించేటప్పుడు కూడా నడిపేవాడు క్షణక్షణమూ హేండిలును అతిస్వల్పంగా దిద్దుకుంటూనే ఉంటాడు. ఆ దిద్దుబాటుకు వీలు లేకపోతే బండి పాము నడక నడుస్తుంది. పక్కనుంచి లారీ పోతున్న సమయంలో అటువంటి దూకుడు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇట్టి బండి మెడను విప్పి చూస్తే కప్పులో వరుసగా, గుండ్ల ఎడానికి సరిపోయే ఎడంలో, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఇవి ఎందుకు పడ్డాయని అడిగితే తరతరాలుగా ఒకే సమాధానం వినవస్తున్నది: "గతుకుల రోడ్డుమీద దెబ్బలు తగిలి గుండ్లు కప్పులోకి దిగబడ్డాయి." వినటానికి ఇది ఎంతో సహజంగా ఉన్నది. కాని ఇది నిజం కాదు. ఈ సంగతి తేలటానికి సైకిళ్లకు ఏ సంబంధమూ లేని ప్రయోగశాలలూ రైలుబండ్లూ సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో కార్ల్ డ్రైస్ తన రెండుచక్రాల బండిని నడిపి చూపించాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుతూ పోవాలి. ఐనా దానిలో ముందుచక్రం పక్కలకు తిరిగే ఏర్పాటు ఉన్నది. ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న రెండు చక్రాలమీద మనిషి పడకుండా నిలవగలగటానికి ఈ ఏర్పాటే మూలం. అంటే సైకిలుకు పెడలు కంటె మెడ ముందు పుట్టిందన్నమాట. 1860 తరువాతి సంవత్సరాలలో పారిస్‌లో మిషో తయారుచేసిన పెడలు బండ్లకు కూడా మెడ ఒక లోహపు గొట్టంలో తిరిగే కడ్డీ మాత్రమే. రాపిడి ఎక్కువ, అరుగుదల ఎక్కువ.

ఉక్కు గుండ్లమీద ఇరుసును తిప్పాలనే ఊహ కొత్తది కాదు. వేల్సులోని కార్మార్థెన్ వాస్తవ్యుడు ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసుకు గుండ్లు వాడే పద్ధతిపై పేటెంటు పొందాడు. సైకిలుకు దీనిని తెచ్చినవాడు పారిస్‌కు చెందిన జూల్ సురిరే. ఆయన పేటెంటు 1869 నాటిది. ఆ సంవత్సరం నవంబరు 7న జరిగిన పారిస్–రువాఁ పందెంలో గెలిచిన జేమ్స్ మూర్ బండికి గుండ్ల ఇరుసులే ఉన్నాయి. అయితే అప్పట్లో గుండ్లను ఒక్కొక్కటిగా చేతితో తయారుచేయవలసి వచ్చేది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరంలో ఫ్రీడ్రిక్ ఫిషర్ గుండ్లను ఒకే కొలతకు సానపట్టే యంత్రాన్ని తయారుచేసిన తరువాతనే అవి చౌక అయ్యాయి. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జె. కె. స్టార్లీ 'రోవర్' సైకిలును నిర్మించాడు. నేటి సైకిళ్లన్నీ దాని సంతతే. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేలోగా గుండ్లు చక్రాల ఇరుసుల్లోనే గాక మెడలోకి కూడా చేరాయి.

ఆ మెడ నిర్మాణం ఇది. ఫ్రేము ముందుభాగాన నిలువుగా ఉన్న గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి కప్పులు బిగించి ఉంటాయి. ఫోర్కు కాడ ఆ గొట్టం గుండా పైకి వస్తుంది. ఫోర్కు భుజాలపైన ఒక ఉక్కు వలయం, కాడ పైభాగాన మరలతో బిగించే మరొక వలయం ఉంటాయి. వలయానికీ కప్పుకూ నడుమ గుండ్లు. సాధారణంగా ఒక్కొక్క గుండు వ్యాసం అంగుళంలో 32కు 5 వంతులు, అంటే సుమారు 4 మిల్లీమీటర్లు. బరువంతా దాదాపుగా కింది కప్పే మోస్తుంది. అందుకే గుంటలు కూడా అందులోనే ఎక్కువ.

ఇక అపోహకు పేరు ఎట్లా వచ్చిందో చూద్దాము. స్వీడన్ దేశపు ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోహాల కాఠిన్యాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి ఉక్కు గుండును 3,000 కిలోగ్రాముల బరువుతో లోహంమీద నొక్కి, పడిన గుంట వెడల్పును కొలవటమే ఆ పద్ధతి. బేరింగులో గుండు నొక్కుకొని పడిన గుంటను చూసినవారికి ఈ పరీక్ష గుర్తుకురావటం సహజమే. అట్టి గుంటలకు 'బ్రినెలింగ్' అనే పేరు స్థిరపడింది. పేరుతోపాటు కారణం కూడా స్థిరపడినట్లు అందరూ భావించారు. శాస్త్రంలో ఇటువంటి చిక్కు తరచు వస్తుంది: పేరు పెట్టగానే విషయం తెలిసిపోయిందనుకుంటాము.

1927లో ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో జి. ఎ. టామ్లిన్‌సన్ ఒకదానికొకటి తాకుతూ ఉన్న ఉక్కు ముక్కలను పరిశీలించాడు. ఆ ముక్కల మధ్య కంటికి కనిపించని కదలిక, అంగుళంలో కొన్ని లక్షల వంతుల జారుడు, ఉంటే చాలు. తాకిన చోట లోహం చెడి ఎర్రని పొడి రాలుతుంది. కేవలం నొక్కుడు వల్ల అది రాదు, జారుడు ఉండాలి. ఆ పొడి ఇనుము ఆక్సైడు, మన తుప్పుకు దగ్గరి చుట్టం. అది గట్టి పదార్థం కనుక సాన పొడిలాగా మిగతా లోహాన్ని కూడా తినివేస్తుంది.

పది సంవత్సరాల తరువాత, 1937లో, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు జె. ఒ. ఆల్మెన్ దీనికి తోడుగా మరొక సంగతి బయటపెట్టాడు. రైళ్లమీద దూరప్రాంతాలకు పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులలో, ఆ కార్లు రోడ్డుమీద ఒక్క మైలైనా నడవకముందే, గుంటలు కనిపించేవి. రైలుపెట్టెలో కారు చక్రం తిరగదు. ప్రయాణం పొడుగునా ఊగుతుంది మాత్రమే. అదే చక్రం రోడ్డుమీద వేల మైళ్లు తిరిగితే ఏ గుంటా పడదు. తిరగక ఊగటంలోనే దోషమున్నదని దీనివల్ల తేలింది. ఈ గుంటలను ఆల్మెన్ దొంగ బ్రినెల్ గుంటలని పిలిచాడు.

ఈ వెలుగులో సైకిలు మెడను చూస్తే అంతా అర్థమవుతుంది. ఫోర్కు ఒక పొడవైన మీట వంటిది. రోడ్డు అదిరినప్పుడల్లా, బ్రేకు పట్టినప్పుడల్లా అది వెనుకకూ ముందుకూ స్వల్పంగా వంగుతుంది. కాడ కూడా వంగి, కింది వలయం కప్పులో అటూ ఇటూ ఒరుగుతుంది. తిన్నని రోడ్డుమీద హేండిలు ఒకటి రెండు డిగ్రీలు మించి తిరగదు. గుండ్లు ఉన్నచోటనే ఉండి ఊగుతాయి. తాకిన చోటినుంచి గ్రీజు పక్కకు తప్పుకుంటుంది. గుండు దొర్లితేగదా అది మళ్లీ లోపలికి వచ్చేది! ఇక ఉక్కును ఉక్కే రాస్తుంది. సూక్ష్మమైన బిందువులలో రెండు లోహాలూ అతుక్కోవటం, ఊడిరావటం, పొడి కావటం వరుసగా జరుగుతాయి.

దీనిని సైకిలు వాడేవారికి పట్టుదలతో నచ్చజెప్పినవాడు అమెరికన్ ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ (1935–2015). చక్రాల నిర్మాణంపై 1981లో ప్రసిద్ధమైన పుస్తకం వ్రాసినవాడు ఆయనే. ఈ విషయంలో మనమూ ఒక ప్రశ్న వేసుకోవచ్చు. గతుకుల దెబ్బ ముందుగా తగిలేది ముందుచక్రపు ఇరుసుకు. అక్కడ ఒక్కొక్క పక్క సుమారు 10 గుండ్లే ఉంటాయి. ఒక క్షణంలో బరువు మోసేవి వాటిలో రెండు మూడు. మెడలో వీటికి రెట్టింపు గుండ్లున్నాయి. దెబ్బే కారణమైతే ముందు ఇరుసు చెడాలి. ఇరుసులు అరుగుతాయి, పెచ్చులూడుతాయి. కాని గుండ్ల ఎడంలో వరుస గుంటలు వాటిలో పడవు. ఎందుచేతనంటే చక్రం తిరుగుతున్నది, గుండ్లు దొర్లుతున్నవి, గ్రీజు చేరుతున్నది. దీన్నిబట్టి ఒక వింత కూడా తెలుస్తుంది. మలుపులతో నిండిన సందులకంటె నున్నని, తిన్నని తారు రోడ్డే సైకిలు మెడకు ఎక్కువ చేటు.

మెడ వదులుగా ఉన్నదని, బండి గట్టిగా ఉండాలని నట్టును మరింత బిగించటం చాలామంది అలవాటు. ఈ బిగింపు గ్రీజును ఇంకా పిండివేస్తుంది. కావలసినంత బిగువు అంటే ఇంతే: ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనుకకూ ఊపితే కప్పు వద్ద వేలికి కదలిక తగలరాదు, ముందుచక్రం ఎత్తితే హేండిలు తనంతట తానే పక్కకు ఒరగాలి.

మరి నిజమైన పరిష్కారం ఏమిటి? అది కూడా స్వీడన్‌లోనే ముందుగా దొరికింది. గోథెన్‌బర్గ్‌లో ఒక నూలు మిల్లు బంకమట్టి నేలపై ఉండేది. నేల కుంగి, పొడవైన షాఫ్టులు వంకరపోయి, బేరింగులు పాడయ్యేవి. ఆ మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ 1907లో షాఫ్టుతోపాటు తానూ ఒరగగల బేరింగును కనిపెట్టాడు, ఎస్.కె.ఎఫ్. సంస్థ పుట్టింది దానితోనే. తిరగటం ఒక పని, ఒరగటం మరొక పని. రెండింటికీ చోటివ్వాలనేదే అందులోని కిటుకు. సైకిలు మెడకు ఈ బుద్ధి చాలా ఆలస్యంగా వచ్చింది. ఫ్రాన్సులో స్ట్రాంగ్‌లైట్ కంపెనీ గుండ్లకు బదులు సన్నని రోలర్లు పెట్టింది. గుండు ఒక బిందువు దగ్గర తాకితే రోలరు ఒక గీత పొడవునా తాకుతుంది కనుక ఒత్తిడి పంచుకుపోతుంది. 1976లో అమెరికాలో క్రిస్ కింగ్ దుమ్ము చొరకుండా మూసిన బేరింగులతో మెడను తయారుచేశాడు. నేటి ఖరీదైన సైకిళ్లలో బేరింగు మొత్తం ఒక చిన్న పెట్టెగా, వాలుగా చెక్కిన గూటిలో కూర్చుంటుంది. ఒరుగుడును చాలావరకు ఆ గూడు భరిస్తుంది. గుండ్లకు దొర్లటమే మిగులుతుంది.

సాధారణ సైకిలుకు ఇంత ఖర్చు అక్కరలేదు. మన సైకిలు షాపులలో 'ఓవరాయిలింగ్' అంటారు. ఆ మాటలో నూనె తరువాత చొరబడిందేగాని, పని మాత్రం సరైనదే. మెడ విప్పినప్పుడు గుండ్లు జాలీలో గుచ్చి ఉంటే, జాలీ తీసివేసి అదే కొలత విడి గుండ్లు పేర్చవచ్చు. జాలీ ఆక్రమించిన చోటు మిగులుతుంది కనుక మరికొన్ని గుండ్లు పడతాయి. ఒక్కొక్కదానిపై భారం తగ్గుతుంది. చివరకు కొద్దిపాటి ఖాళీ ఉంచాలి, కిక్కిరిసి ఉండరాదు. ఇందులో ఒక లెక్క కూడా ఉన్నది. కప్పులో 20 గుంటలుండి, గుండ్లు 21 సమదూరంలో ఉన్నాయనుకుందాము. ఏ స్థితిలోనైనా ఒకే గుండు గుంటలో పడగలదు, తక్కినవి గట్టు మీద ఉంటాయి. అందుచేత 'టక్' మనే ఆటంకం దాదాపు మాయమవుతుంది. ఇరవై, ఇరవైరెండుకు ఇది ఎట్లా మారుతుందో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చు. ఫోర్కు భుజాలపైని వలయాన్ని ఊడదీసి పావుచుట్టు తిప్పి కొట్టినా కొంత ఫలితముంటుంది. గుంటలు మరీ లోతైతే కప్పులు మార్చటమే మంచిది. ఏది చేసినా గ్రీజు మాత్రం కప్పు నిండా పెట్టాలి. ఎర్రపొడి కనిపిస్తే ముందుగా కిరసనాయిలుతో పూర్తిగా కడిగివేయాలి.