పండుగ విందులో పానీయాలు (ఉద్దానము)

పండుగ విందులో పానీయాలు అను ఈ వ్యాసము శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి పట్టణాలలోను, వాటికి తూర్పున, ఈశాన్యమున సముద్రము వెంబడి ఉన్న ఉద్దానము పల్లెలలోను పండుగ భోజనముతో పాటు తీసుకొనే పానీయాల గురించినది. ఐరోపా దేశాలలో క్రిస్మస్ విందుకు వంటకాన్ని బట్టి ద్రాక్ష వైను ఎంచుకోవడము ఒక శాస్త్రముగా పెరిగినది. ఉద్దానము ద్రాక్ష పండే నేల కాదు. ఇక్కడ ఆ స్థానములో కొబ్బరి నీరు, ఈత కల్లు, తాటి కల్లు, మజ్జిగ, చెరుకు రసము ఉన్నవి. వీటిలో కల్లు ఎంపికను నిర్ణయించేవి చెట్టు గీసే కాలము, కుండ దింపిన వేళ. కొన్ని దశాబ్దాలుగా ఈ ప్రాంతపు విందులో మరొక లెక్క కూడ చేరినది. అది పంక్తిలో కూర్చున్నవారి మూత్రపిండాల స్థితి.

ప్రాంతము

ఉద్యానము అను మాట నుండి ఉద్దానము అను పేరు వచ్చినదని చెప్తారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను సాధారణముగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. టెక్కలి దీనికి నైఋతి దిక్కున ఉన్నది. ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు విస్తారముగా ఉన్నవి. పలాస-కాశీబుగ్గ జంటపట్టణము జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందినది. పడమట మహేంద్రగిరి వైపు కొండలలో సవరలు నివసిస్తారు. వారి పూజలలోను, విందులలోను జీలుగు కల్లుకు ప్రముఖ స్థానము ఉన్నది.

పండుగ భోజనము

ఈ ప్రాంతములో సంక్రాంతిని పెద్ద పండుగ అంటారు. భోగి, సంక్రాంతి దినాలలో చాలా ఇళ్ళలో శాకాహారమే ఉంటుంది. అరిసెలు, పొంగడాలు, బూరెలు, పులిహోర, గారెలు ముఖ్యమైనవి. కూరలలోను పాయసములోను జీడిపప్పు పడుతుంది. గుండు పప్పు కంటె బద్దకు ధర తక్కువ గనుక కూరకు బద్దే చాలు. కనుమ నాడు మినుము తినాలన్న సామెత ప్రకారము గారెలు మళ్ళీ వేస్తారు. మాంసాహారులు ఆ రోజున నాటుకోడి, వేటమాంసము వండుకుంటారు. తీరపు ఊళ్ళలో చందువా, వంజరము, రొయ్యలు తోడగును. కొన్ని కుటుంబాలలో గతించిన పెద్దలకు వారు ఇష్టపడిన పదార్థాలు పెట్టే ఆచారము ఉన్నది. ఆ పెద్దలకు ఇష్టమైనది కల్లు అయితే అదీ పెడతారు.

తీపి వంటకాలకు పానీయము జోడించడము కష్టము. పానీయము వంటకము కంటె తక్కువ తీపిగా ఉన్నచో నోటికి పలుచగా, పుల్లగా తగులుతుంది. బెల్లపు పాకముతో చేసిన అరిసె కంటె తీయనైన పానీయము ఏదీ లేదు. కనుక దాని పక్కన మంచినీరే మేలు. గారెలకు మజ్జిగ, అల్లము వేసిన పలుచని మజ్జిగ అయితే మరింత బాగుగా, నప్పుతుంది.

కల్లు

ఉత్తరాంధ్రలో కల్లు గీత వృత్తిగా గల కులాలలో యాత, శ్రీశయన (సెగిడి) ముఖ్యమైనవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథములో ఈ రెండింటి ప్రస్తావన ఉన్నది. ఈత చెట్టును చలికాలములో గీస్తారు గనుక సంక్రాంతికి దొరికేది ప్రధానముగా ఈత కల్లు. తాటి కల్లు చలికాలము చివర మొదలై వేసవిలో సమృద్ధిగా ఉంటుంది. గ్రామదేవత సంబరాలలో వేసవిలో జరిగేవాటికి అదే దొరుకుతుంది.

సాయంత్రము గీసి కుండ కట్టి, తెల్లవారుజామున దింపుతారు. కారిన రసములో పదింట ఒక వంతుకు పైగా చక్కెర ఉంటుంది. కుండ లోపల సున్నము పూసినచో రసము పులియదు. దానినే నీరా అంటారు. సున్నము పూయని కుండలో ఈస్టు, కొన్ని రకాల బాక్టీరియా కలిసి చక్కెరను ఆల్కహాలుగాను, లాక్టిక్ ఆమ్లముగాను మార్చుతాయి. ఒక దినములో ఆల్కహాలు సుమారు 4 నుండి 6 శాతమునకు చేరుతుంది. అది దాటిన తరువాత సిర్కా పులుపు ఎక్కుతుంది. కనుక ఒకే చెట్టు కల్లు ఉదయము ఒక పానీయము, సాయంత్రము మరొక పానీయము. సీసాలో సంవత్సరాల తరబడి నిలవ ఉండే వైనుకు, కల్లుకు గల ముఖ్యమైన తేడా ఇదే.

ఉదయపు తీపి కల్లు వేయించిన చేపకు, కారము దట్టించిన రొయ్యల ఇగురుకు సరిపోతుంది. తీపి కారపు మంటను తగ్గించడము దీనికి కారణము. మధ్యాహ్నానికి పులిసిన కల్లు క్రొవ్వు గల వేటమాంసానికి తగినది. చింతపండు చేసే పనినే ఇక్కడ కల్లు పులుపు చేస్తుంది. చింతపండుతో చేసిన చేపల పులుసుకు మాత్రము పులిసిన కల్లు నప్పదు. పులుపు మీద పులుపు పడి చేప రుచి పోతుంది. ఆల్కహాలు అధికమైన కొలది మిరప మంట పెరుగుతుంది. నాటుకోడి కూరతో రమ్ము, విస్కీ తీసుకొనే అలవాటు ఇటీవల పెరిగినప్పటికీ రుచి దృష్టితో చూసినచో అది సరియైన జోడి కాదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో సారా 1993 అక్టోబరు 1 నుండి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలింపబడినది.

కొబ్బరి నీరు

వచ్చిన బంధువుకు చెట్టు నుండి బొండము దింపి ఇవ్వడము ఉద్దానములో సాధారణ మర్యాద. లేత బొండపు నీటిలోని స్వల్పమైన తీపి, ఉప్పదనము వలన అది మసాలా గల ఏ కూరకైనా అడ్డురాదు. భోజనము మధ్యలో కంటె ముందు ఇవ్వడము మంచిది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు పెద్ద ఎత్తున కూలిపోయినవి. దేశవాళి కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. తోట పోయిన ఇంటిలో బొండము కొనుక్కోవలసిన వస్తువైనది.

మూత్రపిండాల వ్యాధి, విందు

ఉద్దానములో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతముగా ఉన్నది. మధుమేహము, రక్తపోటు లేనివారికి, ముఖ్యముగా పొలాలలో పనిచేసేవారికి కూడ ఇది రావడము దీని ప్రత్యేకత. అనేక పరిశోధనలు జరిగినప్పటికీ కారణము ఇదమిత్థముగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. హిరమండలం వంశధార జలాశయము నుండి ఏడు మండలాలకు మంచినీరు తెచ్చే పథకము కూడ అదే రోజున ప్రారంభమైనది.

విందుకు సంబంధించినంతవరకు దీని ప్రభావము సూటియైనది. ఒక పెద్ద గ్లాసు కొబ్బరి నీటిలో సుమారు 400 నుండి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతునికి అది మేలు చేస్తుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాని శరీరము ఆ పొటాషియాన్ని బయటకు పంపలేదు. రక్తములో అది పెరిగినచో గుండె లయ తప్పి ప్రాణానికే అపాయము కలుగవచ్చును. అందుచేత అటువంటి రోగులకు కొబ్బరి నీరు వద్దని వైద్యులు చెప్తారు. జీడిపప్పులోని భాస్వరము, పనసలోని పొటాషియం కూడ ఇదే కోవకు చెందినవి. తోటల ప్రాంతములో తోట పంటలే కొందరికి పథ్యము కాకపోయినవి.

డయాలసిస్ మీద ఉన్నవారికి ద్రవముల పరిమితి కూడ ఉంటుంది. వారి లెక్కలో మంచినీరే కాక చారు, మజ్జిగ, పాయసము, కల్లు అన్నియు ద్రవములే. ఈ సంగతి తెలియని ఆతిథేయులు మర్యాద కొరకు బొండము మీద బొండము ఇచ్చి బలవంతము చేయడము కద్దు. అడిగి ఇవ్వడము, చిన్న గిన్నెతో ఇవ్వడము, వద్దన్నచో ఊరుకొనడము ఇక్కడ అసలైన మర్యాద. కూరగాయలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో పొటాషియం కొంత తగ్గుతుంది. ఎవరికి ఎంత పరిమితి అన్నది రక్త పరీక్షను చూసి వైద్యుడే చెప్పవలెను.

ద్రాక్ష వైను

తెలుగునాట "వైన్స్" అని బోర్డు గల దుకాణములో అమ్మేది ప్రధానముగా బ్రాంది, విస్కీ, బీరు. పాత తరము ఇళ్ళలో పులిసిన ద్రాక్ష రసము తెలిసినది ఆయుర్వేద ఔషధమైన ద్రాక్షారిష్టము రూపములోనే. నాసిక్, బెంగళూరు పరిసరాలలో వైను తయారీ పెరిగిన తరువాత నగరాల నుండి, విదేశాల నుండి పండుగకు వచ్చేవారు సీసా తేవడము కనిపిస్తున్నది.

ఎర్ర వైనులోని టానిన్ల వగరు మిరప కారముతో కలిసి నోటిని మరింత మండిస్తుంది. కనుక ఆంధ్ర భోజనానికి చల్లబరచిన, కొంచెము తీపి గల తెల్ల వైను మేలు. నాసిక్‌లో షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే వైను ఇటువంటిది. కొబ్బరి వేసిన రొయ్యల కూరకు ఇది బాగుగా కలుస్తుంది. చింతపండు పులుసుకు తగినంత పులుపు లేని వైను చప్పబడిపోతుంది.

జీడిమామిడి పండు

జీడిపండు రసములో సి విటమిను అధికము, టానిన్ల వలన వగరు కూడ అధికము. గోవాలో ఈ పండు రసమును పులియబెట్టి బట్టీపట్టి ఫెనీ చేస్తారు. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉద్దానములో పిక్క తీసుకొన్న తరువాత పండు చాలావరకు తోటలోనే కుళ్ళిపోతుంది. పిక్క కంటె పండు బరువు ఎన్నో రెట్లు ఉంటుందన్నది గమనించవలసిన విషయము. పండు వేసవిలోనే వచ్చును గనుక సంక్రాంతి విందుకు అది తాజాగా అందదు. ఉగాదికి మాత్రము అందుతుంది. గంజి కలిపి వడగట్టినచో వగరు చాలావరకు దిగిపోయి రసము త్రాగడానికి అనుకూలముగా ఉంటుంది.