పడుగు ఒకటి, పేక మరొకటి: టెన్నిస్ రాకెట్ తీగల కథ

సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ఉదనా, లింబాయత్‌ల పక్కన డిండోలి ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికోసం వలసవెళ్లిన నేత కుటుంబాలు ఈ ప్రాంతాల్లో తరాల క్రితమే స్థిరపడ్డాయి. గుజరాత్ నగరంలో తెలుగు మాధ్యమంలో కూడా మునిసిపల్ పాఠశాలలు నడపవలసి వచ్చిందంటే కారణం ఇటువంటి కుటుంబాలే. అక్కడి పిల్లవాడి చేతికి ఒక టెన్నిస్ రాకెట్ ఇచ్చి చూడమంటే, మనకు తోచని సంగతి వాడికి తోచవచ్చు. అది కూడా ఒక చిన్న మగ్గమే కదా! నిలువుగా బిగించిన తీగలు పడుగు. వాటి కిందనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి దూరిపోయే అడ్డతీగలు పేక. చాలా రాకెట్లలో పడుగు 16 తీగలు, పేక 19 తీగలు ఉంటాయి.

పడుగుకు ఒక పోగు, పేకకు వేరొక పోగు వాడటం నేతలో కొత్త విషయం కాదు. గుజరాత్‌లో పేరుపొందిన మష్రూ వస్త్రంలో పడుగు పట్టు, పేక నూలు. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు మెత్తదనం. ఇదే ఉపాయం టెన్నిస్ ఆటలో పెద్ద మలుపు తెచ్చింది. దాన్ని ఇప్పుడు 'హైబ్రిడ్' తీగల అమరిక అంటున్నారు. కాని మైదానం ఆ ఉపాయాన్ని అందుకోవడానికి సుమారు నూరేళ్లు పట్టింది. ఎందుకో చూద్దాం.

1874లో ఇంగ్లండులో మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ లాన్ టెన్నిస్‌కు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది, 1875లో, ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పియర్ బాబొలా రాకెట్ల కోసం పేగుతో తీగలు చేశాడు. అంతకుముందు ఆయన సంస్థ సంగీత వాద్యాలకు తంతులు చేసేది. మనం నేటికీ బాడ్మింటన్ రాకెట్‌కు 'గట్టింగ్' వేయించామంటాం. ఆ 'గట్' అంటే పేగే. తొలిరోజుల్లో గొర్రె పేగు వాడేవారు, తరువాత పశువుల పేగు వచ్చింది. పేగు పొరలోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులను చీల్చి, శుభ్రం చేసి, మెలిపెట్టి, ఆరబెట్టి, నునుపు చేస్తారు. సాగి తిరిగి యథాస్థితికి రావడంలో దీనికి సాటి వచ్చే తీగ ఇంతవరకూ రాలేదు. 1960, 1961 సంవత్సరాల్లో రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ సెమీఫైనల్ చేరిన నాటికి పెద్ద ఆటగాళ్లందరిదీ కర్ర రాకెట్టూ, పేగు తీగే. దాని లోపాలు రెండు: ఖరీదు ఎక్కువ, తేమకు ఓర్వదు.

ఈ లోపాలకు విరుగుడు రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. అమెరికాలో డ్యుపాంట్ సంస్థకు చెందిన వాలెస్ కారొథర్స్ బృందం 1935లో నైలాన్ తయారుచేసింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అది చౌకగా దొరికే రాకెట్ తీగ అయ్యింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ దారం కనిపెట్టారు. సూరత్‌ను సింథటిక్ చీరల ఊరుగా మార్చినది ఈ పాలిస్టరే. 1990ల తొలినాళ్లలో అక్కడికి దగ్గరలోని హజీరాలో పెద్ద పెట్రోరసాయన కర్మాగారం కూడా వెలసింది. అయితే చీరకు వాడే నూలులో వెంట్రుకకన్నా సన్నని పోగులు అనేకం ఉంటాయి. రాకెట్ తీగ మాత్రం సుమారు 1.25 మిల్లీమీటర్ల మందంగల ఒకే పోగు. ఒక రాకెట్‌కు 12 మీటర్లు కావాలి. పాలిస్టర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.38 గ్రాములు. లెక్కవేసి చూడండి: మొత్తం బరువు దాదాపు 20 గ్రాములు! ఆటగాడు ఈ 20 గ్రాముల కోసం పడే ఆరాటం చూస్తే నవ్వు వస్తుంది. కాని ఆ ఆరాటం వెనుక కారణముంది.

తీగను ఎంత బిగువుగా లాగి కట్టాలి? మామూలుగా 20 నుంచి 28 కిలోగ్రాముల బరువు వేలాడదీసినంత బిగువు పెడతారు. బిగువు పెంచితే దెబ్బ గట్టిగా పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజం దానికి వ్యతిరేకం. నిబంధన ప్రకారం టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి గట్టి నేలమీద వదిలితే అది 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకే లేవాలి. అంటే నలిగిన బంతి తన శక్తిలో దాదాపు 45 శాతం పోగొట్టుకుంటుంది. తీగలు అలా కాదు, తాము సాగడానికి తీసుకున్న శక్తిలో 90 శాతానికి పైగా తిరిగి ఇచ్చేస్తాయి. కనుక బంతి తక్కువ నలిగి, తీగలు ఎక్కువ సాగితేనే లాభం. బిగువు తగ్గిస్తే బంతి కొంచెం వేగంగా, కొంచెం ఎత్తుగా వెళ్తుంది. బిగిస్తే గీత లోపల పడుతుందన్న నమ్మకం కుదురుతుంది. తేడా చాలా స్వల్పం. అయినా ఆట చివరి గీత దగ్గర తేలుతుంది కాబట్టి ఆ స్వల్పమే ముఖ్యం. బ్యోర్న్ బోర్గ్ తన కర్ర రాకెట్‌కు దాదాపు 36 కిలోల బిగువు పెట్టించేవాడు. రాత్రిపూట హోటల్ గదిలో ఆ తీగలు వాటంతటవే తెగుతుండేవి.

ఇక అసలు కథ 1977లో జరిగింది. పశ్చిమ జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ ఒక వింత రాకెట్ తయారుచేశాడు. అందులో నిలువు తీగలు రెండు వరుసలు. అడ్డతీగలు వాటి మధ్యగా పోతాయి, ఎక్కడా అల్లుకోవు. కొన్ని తీగలకు ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి ఉండేవి. చూడటానికి సేమ్యాలా ఉండటంతో దానికి 'స్పగెట్టి రాకెట్' అని పేరొచ్చింది. ఆ ఏడాది అమెరికా ఓపెన్ పోటీలో పెద్దగా పేరులేని మైక్ ఫిష్‌బాక్ అటువంటి రాకెట్‌తో మాజీ ఛాంపియన్ స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. అక్టోబరులో ఫ్రాన్సులోని ఎక్సాన్‌ప్రొవాన్స్‌లో ఇలీ నస్టాసీ దాన్నే పట్టుకుని గియెర్మో విలాస్‌తో ఫైనల్ ఆడాడు. వరుసగా 46 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన విలాస్ రెండు సెట్లు పోగొట్టుకుని, ఇక ఆడనని వెళ్లిపోయాడు.

బంతి ఎందుకంత గిర్రున తిరిగింది? కిందనుంచి పైకి ఒరుసుకుంటూ కొట్టినప్పుడు నిలువు తీగలు బంతితోపాటు పక్కకు జారతాయి. బంతి తీగలమీద ఉండేది సుమారు సెకనులో 200వ వంతు. ఆ లోపలే జారిన తీగ వెనక్కు విదిల్చి బంతికి అదనపు భ్రమణం ఇస్తుంది. నేతలో పోగులు జారితే బట్ట చెడినట్టే లెక్క. ఇక్కడ ఆ లోపమే బలమయ్యింది!

విశేషమేమంటే, అప్పటివరకు టెన్నిస్ నియమాల్లో రాకెట్ అంటే ఏమిటో నిర్వచనమే లేదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 1977 అక్టోబరులో ఆ రాకెట్‌ను తాత్కాలికంగా నిషేధించి, 1978లో నియమం రాసింది. తీగలు ఒకదానిమీదుగా ఒకటి అల్లుకోవాలి, లేదా కలిసేచోట అతుక్కుని ఉండాలి. ఈ వ్యాసకర్త ఉద్దేశంలో ఆ నిర్ణయం న్యాయమైనదే, ఎందుకంటే రాకెట్ నేర్పును మింగేస్తున్నది. అయితే నియమం అల్లిక గురించి మాత్రమే మాట్లాడింది. అల్లుకున్న తీగలు ఎంత నునుపుగా ఉండాలో, పడుగూ పేకా ఒకే పదార్థం కావాలో అక్కర్లేదో చెప్పలేదు.

ఇరవై ఏళ్ల తరువాత ఆ తలుపు తెరుచుకుంది. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌ను ప్రపంచ 66వ స్థానంలో ఉన్న బ్రెజిల్ యువకుడు గుస్తావో కుయెర్టెన్ గెలిచాడు. అతని రాకెట్‌లో బెల్జియం సంస్థ లక్సిలాన్ చేసిన పాలిస్టర్ తీగ ఉంది. నైలాన్ తీగలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గాట్లు పడతాయి, జారిన చోటే చిక్కుకుంటాయి. పాలిస్టర్ గట్టిది, నున్ననిది. జారి వెంటనే వెనక్కు వస్తుంది. జపానులో కవజోయే అనే పరిశోధకుడు తీగలకు కందెన పూసి వేగవంతమైన కెమెరాతో తీసి చూస్తే భ్రమణం పెరిగినట్టు తేలింది.

మరి అంత మంచి తీగకు జత ఎందుకు? దాని గట్టిదనమే దాని దోషం. దెబ్బ అదురు మోచేతికి ఎక్కువగా చేరుతుంది. పైగా అది కొద్ది గంటల ఆటలోనే బిగువు కోల్పోతుంది. అందుకే రెంటినీ కలిపారు. రోజర్ ఫెదరర్ పడుగుకు పేగు తీగ, పేకకు పాలిస్టర్ వాడాడు. బంతి భారాన్ని ఎక్కువగా మోసేవీ, పక్కకు జారేవీ నిలువు తీగలే. కనుక చేతికి పేగు మెత్తదనం తెలుస్తుంది, ఆ పేగు పాలిస్టర్ నునుపుమీద సులువుగా జారుతుంది. దీన్ని తిరగేసి, పడుగు పాలిస్టర్, పేక నైలాన్ పెట్టేవారూ ఉన్నారు. వారికి ఖర్చు తక్కువ, అదుపు ఎక్కువ, మెత్తదనం కొంత తక్కువ. ఆండ్రీ అగస్సీ అంతకుముందే కెవ్లార్ పడుగుకు మెత్తని పేక జోడించి ఆడేవాడు. 2002లో లక్సిలాన్‌కు మారి ఆ ఏడాదే రోమ్ టైటిల్ గెలిచాడు. పాలిస్టర్‌ను సాధారణంగా ఒకటి రెండు కిలోలు తక్కువ బిగువుతో కడతారు. ఎదిగే వయసు పిల్లలకు మొత్తం పాలిస్టర్ వేయవద్దని శిక్షకులు చెప్పేది ఆ అదురు గురించే.

బిగువు పడిపోయిందని తెలుసుకోవడానికి యంత్రం లేకపోయినా చెవి ఉంది. సి.వి. రామన్ తంబుర, వీణ తంతులపై 1921లో రాసిన పరిశోధన అటుంచి, మనకు కావలసిన సూత్రం ఇంటర్ పుస్తకంలోనే ఉంది: పౌనఃపున్యం బిగువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. కొత్తగా 25 కిలోల బిగువుతో కట్టిన తీగలు తడితే సెకనుకు 560 కంపనాలు పలికాయనుకోండి. అవి 500కు దిగాయంటే బిగువు 20 కిలోలకు జారిందన్నమాట. హైబ్రిడ్ రాకెట్‌లో మాత్రం ఈ లెక్క తికమక పెడుతుంది. పాలిస్టర్ త్వరగా సడలుతుంది, పేగు నిలుపుకుంటుంది. చెవికి వినిపించేది రెంటి సగటు. ఏ తీగ ఎంత సడలిందో ఆ స్వరం విడదీసి చెప్పదు.