పలకమీద 1356



దసరాకి ఇల్లు దులుపుతూ అటకమీది ట్రంకుపెట్టె దించాను. నాన్నగారు పోయాక ఎవరూ తెరవని పెట్టె అది. పాత రశీదులు, నాలుగు హాలీ సిక్కా నాణేలు, వాటి అడుగున ధోవతి గుడ్డలో చుట్టిన ఫొటో ఒకటి కనిపించింది. పదకొండుమంది కుర్రాళ్లు, పక్కన టోపీ పెట్టుకున్న డ్రిల్లు మాస్టారు, ముందు స్టూలుమీద చిన్న కప్పు. కింద కూర్చున్న పిల్లవాడి ఒళ్లో తోలు బంతి, దానికి ఆనించి ఒక పలక. రెండో వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డది మా నాన్నగారే! ఫుట్‌బాల్ ఆడేవాణ్ణని ఆయన ఏనాడూ మాతో అనలేదు.

పలకమీదా, అట్ట వెనకా ఉన్నదంతా ఉర్దూ. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ చదువే కదా. నాకు ఒక్క అక్షరం రాదు. మా వీధి చివర ఉండే రిటైరైన ఉర్దూ టీచరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, "పలకమీద 1356 అని ఉందమ్మా" అన్నారు. నేను తెల్లబోయాను. అది ఫసలీ సంవత్సరమట. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1946-47 అన్నమాట. పోలీసు చర్యకు ముందటి ఫొటో! వెనకాల పేర్లు తొమ్మిదే దక్కాయి. మిగిలిన రెండింటినీ పురుగు తినేసింది. ఆ తొమ్మిదింటిలో తెలుగు పేర్లున్నాయి, ముస్లిం పేర్లున్నాయి, ఒక అరవ పేరు, ఒక క్రైస్తవుల పేరు.

ఫొటో చూసినవాళ్లంతా ఆ మాస్టారు రహీం సాబేనా అంటున్నారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది కదా, అందుకని. కాదండీ, ఈయన వేరే. కానీ సయ్యద్ అబ్దుల్ రహీం గారూ బడిపంతులే. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పితే వాళ్లు వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. ఆయన తయారుచేసిన భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సరు. మరుసటి ఏడే పోయారు. ఇంత ఆట గాలిలోంచి పుట్టలేదు కదా, ఇలాంటి బడుల మైదానాల్లోంచే వచ్చింది.

మళ్లీ ఫొటోకి వస్తాను. ఒక్కడి కాలికీ బూట్లు లేవు. మా మేనత్తకు ఎనభై ఆరేళ్లు, ఆమెకు చూపిస్తే నవ్వింది.

"బూట్లెక్కడివే బిడ్డా! అందరివీ వట్టి కాళ్లే. మీ నాయిన బొటనవేలు గోరు ఊడొస్తే అమ్మ పసుపు పెట్టి కట్టేది."

1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టులోనే చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. 1952లో హెల్సింకీ చలిలో యుగొస్లావియా పది గోల్స్ కొట్టాకగానీ బూట్ల సంగతి పెద్దలకు పట్టలేదు. బడిపిల్లలకు ఎవరు కొంటారు?

నాకు అర్థంకానిది ఇంకొకటి ఉంది. పదిమంది బనియన్లు ముదురుగా ఉంటే ఒకడిది వెలిసినట్టుంది. అత్తయ్య టక్కున చెప్పింది. "అవి మా పెరట్లనే అద్దినం. నీలిమందు ఆఖరికి చాలలేదు, పదకొండోది గట్లనే వచ్చింది. ఆ పోరడు ఏడ్చిండు. మా అమ్మ తన కొంగుతోని కళ్లు తుడిచి, నీదే అందరికన్న తెల్లగుందిరా అన్నది."

చూశారా, వెనకాల అట్టమీద డ్రిల్లు మాస్టారి పేరుంది, కప్పు ఇచ్చిన పెద్దమనిషి పేరుంది. రంగద్దిన మా నాయనమ్మ పేరు లేదు.

ఆ వెలిసిన బనియను పిల్లవాడి పేరే పురుగు తిన్నదాంట్లో ఒకటి. పోలీసు చర్య అయినాక వాళ్ల ఇంటికి తాళం పడిందనీ, ఎటు పోయారో తెలియలేదనీ అత్తయ్య అంది. నాన్నగారు ఫుట్‌బాల్ ఊసెత్తకపోవడానికి అదే కారణమేమో. అడగడానికి ఆయన లేరు.

ఫొటోకి నకలు తీయించి అత్తయ్యకు పట్టుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసి, వెనక్కి తిప్పింది.

"ఏం రాయలేదేమే?"

పెన్ను తీశాను. ఆమె చెబుతుంటే తెలుగులో రాశాను. తొమ్మిది పేర్లూ అయ్యాక కాసేపు కళ్లు మూసుకుని పదోది కూడా చెప్పింది, వెలిసిన బనియను పిల్లవాడిది. పన్నెండోదిగా మా నాయనమ్మ పేరు రాయమంది. పదకొండో చోటు ఖాళీగా ఉంచాను.