బరువే బలమా? సూట్‌కేసు చరిత్ర చెప్పే జవాబు

విదేశానికి వెళ్లే పిల్లవాడికి సూట్‌కేసు కొనడానికి వచ్చిన ఏ కుటుంబాన్నయినా గమనించండి. ఇంటి పెద్ద ముందుగా పెట్టెను చేత్తో ఎత్తి చూస్తాడు. బరువుగా ఉంటే తల ఊపుతాడు, "గట్టి సరుకే" అంటాడు. తేలిగ్గా ఉంటే పెదవి విరుస్తాడు, "రెండు ప్రయాణాలకే పోతుంది" అంటాడు. కొట్టువాడు ఊరుకుంటాడా? తేలికైన పెట్టెను నేలమీద పడుకోబెట్టి, చెప్పులు విడిచి, దాని మీద ఎక్కి నిలబడతాడు. అంతే, బేరం కుదిరిపోతుంది.

ఈ తతంగంలో రెండు నమ్మకాలున్నాయి. బరువున్నదే బలమైనది అన్నది మొదటిది. మనిషి ఎక్కినా విరగని పెట్టె ప్రయాణంలో కూడా విరగదు అన్నది రెండోది. ఈ రెండూ నిన్నమొన్న పుట్టినవి కావు. రెండింటినీ పరీక్షించడానికి నూరేళ్లకు పైబడిన సాక్ష్యం మనకుంది. ఆ చరిత్ర ఒకసారి చూద్దాం.

కాగితం పెట్టె మీద ఏనుగు

విమానాలకు ముందు దూర ప్రయాణమంటే ఓడ, రైలు. కలిగినవాడి సామాను చెక్క, తోలు, ఇనుప పట్టీలతో చేసిన ట్రంకుల్లో వెళ్లేది. ఖాళీ ట్రంకే ఒక మనిషి ఎత్తలేనంత ఉండేది. అయినా ఎవరికీ బాధ లేదు. ఎందుకంటే పెట్టె యజమాని వేరు, మోసేవాడు వేరు! మన దేశంలో కూడా అంతే. రేకు ట్రంకు, పరుపు చుట్టిన హోల్డాల్, స్టేషన్లో ఎర్ర చొక్కా కూలీ. పెట్టె బరువు యజమాని లెక్కలోకి రాలేదు, కూలీ మెడ మీదికి వచ్చింది.

తేలికైన పెట్టె కోసం వెతుకులాట అప్పటికే మొదలైంది. 1859లో బ్రిటన్‌లో థామస్ టేలర్ 'వల్కనైజ్డ్ ఫైబర్' అనే పదార్థానికి పేటెంటు పొందాడు. పేరు గంభీరంగా ఉన్నా అది ప్రధానంగా కాగితమే. కాగితం పొరలను జింక్ క్లోరైడ్ ద్రావణంలో తడిపి, ఒత్తి, కడిగి, ఆరబెడితే తోలు కంటే తేలికైన గట్టి పలక తయారవుతుంది. 1897లో మొదలైన గ్లోబ్-ట్రాటర్ కంపెనీ దీనితోనే పెట్టెలు చేసింది.

కాగితం పెట్టె అంటే జనం నమ్ముతారా? నమ్మించడానికి 1912లో హాంబర్గ్ జంతుశాల ఏనుగును తెచ్చి పెట్టె మీద నిలబెట్టామని కంపెనీ చెప్పుకుంటుంది. అమెరికాలో డెన్వర్ నగరానికి చెందిన జెస్సీ ష్వేడర్ 1910లో ట్రంకుల కంపెనీ పెట్టాడు. బైబిల్‌లోని బలశాలి సామ్సన్ పేరు మీద తన పెట్టెకు పేరు పెట్టుకున్నాడు. ఇప్పటి శామ్‌సొనైట్ అదే. ఆయన పెట్టె మీద బల్ల పరిచి, తండ్రితో, సోదరులతో కలిసి తాను కూడా ఎక్కి ఫొటో తీయించుకుని ప్రకటనగా వేశాడు. 1970ల్లో అమెరికన్ టూరిస్టర్ టీవీ ప్రకటనలో ఒక గొరిల్లా సూట్‌కేసును బోనులో విసిరి కొట్టింది. తర్వాతి ప్రకటనల్లో ఆ గొరిల్లా వేషం వేసిన నటుడు!

వీటి వల్ల రుజువైనదేమిటి? ఏనుగు కదలకుండా నిలబడితే దాని బరువు పెట్టె నాలుగు పక్కల గోడల మీదికి పంచుకుపోతుంది. అది నిలకడ బరువు. విమానాశ్రయంలో పెట్టెకు జరిగేది ఇది కాదు. 23 కిలోల పెట్టె మీటరు ఎత్తు నుంచి పడితే సుమారు 225 జౌళ్ల శక్తి, ఒక మూల మీద, రెప్పపాటులో తగులుతుంది. ఒక చక్రం మెట్టుకు కొట్టుకుంటుంది. ఎవరో ఒక పిడి పట్టుకుని గుంజుతారు. మీద నిలబడితే విరగని పెట్టె మూల మీద పడితే పగలవచ్చు.

ఇంకో లోపం చూడండి. పరీక్షించే పెట్టెను ఎంచుకున్నది అమ్మేవాడే. స్థలం, సమయం కూడా అతడివే. పోల్చడానికి పక్కన మరో పెట్టె లేదు. విరిగిన పెట్టెల ఫొటోలు మనకెవరూ చూపరు. మహిమలు చూపే బాబాల ప్రదర్శనలు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

రేకు మడతల్లో ఉన్న రహస్యం

విమానం వచ్చాక లెక్క మారింది. తొలినాళ్ల విమానాల్లో సామానునే కాదు, ప్రయాణికుడిని కూడా తూకం వేసేవారు. ప్రతి కిలో ఇంధనంతో ముడిపడింది. అంతదాకా కూలీ మోసిన బరువు ఇప్పుడు యజమాని జేబుకు కూడా తగిలింది. తేలిక పెట్టె మీద ఆసక్తి పెరగడానికి ఇది పెద్ద కారణం.

విమానాలు తయారుచేసేవాళ్లు బరువు, బలం సమస్యను అప్పటికే ఎదుర్కొన్నారు. 1919లో ఎగిరిన జర్మన్ యుంకర్స్ ఎఫ్-13 పూర్తిగా లోహంతో చేసిన తొలి ప్రయాణికుల విమానం. దాని ఒంటికి వాడింది పలచని డ్యూరాల్యుమిన్ రేకు. కానీ చదునుగా కాదు, అలలు అలలుగా మడిచి. కొలోన్ నగరంలో 1898లో మొదలైన రిమోవా కంపెనీ 1937లో అల్యూమినియం పెట్టె తెచ్చింది. 1950లో పెట్టె మీదికి ఆ విమానపు గాడులు వచ్చాయి.

ఈ గాడులు అందం కోసం మాత్రమే కావు. ఒక పలక వంగకుండా ఎంత నిలబడుతుందన్నది దాని మందం మీద విపరీతంగా ఆధారపడుతుంది. మందం రెట్టింపైతే వంగడానికి నిరోధం ఎనిమిది రెట్లవుతుంది. మడత పెట్టడమంటే పదార్థం పెద్దగా పెంచకుండానే మందం పెరిగినట్టు చేయడం. ఇది నమ్మనక్కరలేదు, చేసి చూడండి. ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టండి. తన బరువుకు తానే కుంగుతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడిచి పెట్టండి. పైన అగ్గిపెట్టె పెట్టినా నిలుస్తుంది. కాగితం బరువు మారలేదు, ఆకారం మారింది. మన ఇళ్ల మీద రేకులు అలలుగా ఉండటానికి కారణం ఇదే. బరువే బలమన్న మొదటి నమ్మకం ఈ అగ్గిపెట్టె దగ్గరే కూలిపోతుంది.

ఎరువుల బస్తా బంధువు

తర్వాతి మలుపు ప్లాస్టిక్. 1953లో పాలీకార్బనేట్‌ను జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ ఎవరికి వారు కనుగొన్నారు. 1954లో ఇటలీలో జూలియో నట్టా స్ఫటిక రూపపు పాలీప్రొపిలీన్ తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మన దేశంలో వీఐపీ సంస్థ 1971లో ఉత్పత్తి మొదలుపెట్టాక, అచ్చుపోసిన ప్లాస్టిక్ సూట్‌కేసు మధ్యతరగతి ఇళ్లలో రేకు ట్రంకును మంచం కిందికి నెట్టింది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. చౌక పెట్టెలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.05 గ్రాములు. పాలీకార్బనేట్‌ది 1.2. అంటే పాలీకార్బనేటే బరువు! మరి దానితో చేసిన పెట్టె తేలికగా ఎలా వస్తుంది? దెబ్బ తగిలితే పాలీకార్బనేట్ లొంగి, శక్తిని మింగి, మళ్లీ పైకి లేస్తుంది. కనుక గోడ పలచగా పోయవచ్చు. ఏబీఎస్ అంత ఓర్చుకోదు, తెల్లబారి చీలుతుంది. దాన్ని మందంగా పోయాలి. తేలికదనం పదార్థం బరువులో లేదు, ఎంత పలచన చేయగలమన్న దానిలో ఉంది. 'వంగింది కాబట్టి నాసిరకం' అనే మాట కూడా ఇక్కడే తిరగబడుతుంది. వంగి తిరిగి రాగలగడమే ఈ పెట్టె బలం.

పాలీప్రొపిలీన్ సంగతి ఇంకా ఆసక్తికరం. దాని సాంద్రత 0.9, నీళ్ల మీద తేలుతుంది. దాన్ని సన్నని పట్టీలుగా సాగదీసి నేస్తే వచ్చేది మనందరికీ తెలిసిన ప్లాస్టిక్ బస్తా. యూరియా వచ్చేది, ఊళ్లకు వెళ్లేటప్పుడు మనవాళ్లు బియ్యం కట్టుకెళ్లేది అందులోనే. అలాంటి నేతనే పొరలుగా పేర్చి, వేడి చేసి, ఒత్తి చేసిన పలకతో శామ్‌సొనైట్ 2008లో 'కాస్మోలైట్' పెట్టెలు తెచ్చింది. దుకాణంలో మెరిసే ఖరీదైన పెట్టెకూ, పశువుల కొట్టంలో పడి ఉన్న ఎరువుల సంచికీ చుట్టరికం ఉందన్నమాట!

చక్రం ఎందుకు ఆలస్యమైంది?

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాక గానీ సూట్‌కేసుకు చక్రాలు పెట్టాలని ఎవరికీ తోచలేదు అని ఒక కథ చాలాచోట్ల కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. పెట్టెకు చక్రాలు అమర్చే పేటెంట్లు అమెరికాలో 1920ల నుంచే ఉన్నాయి. అనీటా విల్లెట్స్-బర్నమ్ అనే చిత్రకారిణి 1928లోనే తన పెట్టెకు చక్రాలు బిగించుకుంది. 1970లో బెర్నార్డ్ సాడో అదే ఆలోచనతో న్యూయార్క్ దుకాణాలు తిరిగితే చాలామంది వద్దు పొమ్మన్నారు. చివరికి మేసీస్ దుకాణం తీసుకుంది. పేటెంటు 1972లో వచ్చింది. మొదట్లో ఎందుకు కాదన్నారో సాడో తర్వాత చెప్పాడు: మగవాడు పెట్టె మోస్తాడు గానీ లాగడు, అది మగతనానికి తక్కువ అని వాళ్ల నమ్మకమట.

ఆడవాళ్లకైతే మోసిపెట్టడానికి పక్కన మగవాడు ఉంటాడు కదా అని లెక్క. ఇంకోవైపు చౌకగా దొరికే కూలీ ఎలాగూ ఉన్నాడు. అంటే చక్రాన్ని ఆపింది ఇంజనీరింగు కాదు, ఆచారం. ఒంటరిగా ప్రయాణించే స్త్రీలు పెరిగారు, విమానాశ్రయాలు కిలోమీటర్ల పొడవు సాగాయి, ఆచారం చడీచప్పుడు లేకుండా తప్పుకుంది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ పెట్టెను నిలువుగా నిలబెట్టి, రెండు చక్రాలు, సాగే పిడి అమర్చాడు. పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు దాన్ని లాక్కెళ్తుంటే చూసి ప్రయాణికులు ఎగబడ్డారు. మగతనం ప్రశ్న మళ్లీ ఎవరూ ఎత్తలేదు!

తాళం అనే తాయెత్తు

అమెరికా ప్రయాణికులు నమ్మే మరో వస్తువు 'టీఎస్ఏ' తాళం. దీన్ని భద్రతా సిబ్బంది మాస్టర్ తాళంచెవితో తెరుస్తారు. 2014లో ఆ తాళంచెవుల ఫొటో ఒక పత్రికలో అచ్చయింది. 2015కల్లా వాటిని 3డి ప్రింటర్‌లో చేసుకునే నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. ఇక మామూలు జిప్పును బాల్‌పాయింట్ పెన్ను మొనతో పొడిచి తెరవచ్చు, జారుడు పిడిని అటూ ఇటూ లాగితే ఆనవాలు లేకుండా మూసుకుంటుంది. తాళం వేయవద్దని కాదు, అది దారిలో జిప్పు ఊడకుండా కాపాడుతుంది. బంగారం మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

తాళం కంటే చట్టం నయం. 1929 నాటి వార్సా ఒప్పందం పోయిన సామానుకు కిలోల లెక్కన పరిహారం ఇచ్చేది. చూశారా, బరువే విలువ అన్న నమ్మకం చట్టంలోకి కూడా ఎక్కింది! 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం దాన్ని మార్చి ప్రయాణికుడి లెక్కన గరిష్ఠ పరిమితి పెట్టింది. భారత్ 2009లో అందులో చేరింది. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పగిలితే అందుకున్న 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టెలోనే సహజంగా ఉన్న లోపం వల్ల పగిలితే మాత్రం ఆ మేరకు బాధ్యత విమాన సంస్థది కాదు.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి?

1. కొట్టులో పెట్టె మీద ఎక్కకండి. గోడను బొటనవేలితో నొక్కి వదలండి. లొంగి, చప్పున తిరిగి రావాలి.

2. పెట్టె ప్రాణం గోడలో కంటే చక్రాల్లో, పిడిలో, జిప్పులో ఉంటుంది. పిడిని పూర్తిగా సాగదీసి ఊపి చూడండి. చక్రాలు మరలతో బిగించినవైతే మార్చుకోవచ్చు.

3. లేబుల్ మీద 'పాలీకార్బనేట్' అని ఉంటే చాలదు. ఏబీఎస్ మీద పలచని పాలీకార్బనేట్ పొర ఉన్నవి కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతాయి. 'పూర్తిగానా, పొరా?' అని అడగండి.

4. ప్రకటన కంటే వారంటీ కాగితం నమ్మదగ్గది. అందులో కంపెనీ తన డబ్బు పణం పెడుతుంది. విమాన ప్రయాణంలో అయిన నష్టం వర్తిస్తుందా లేదా చదవండి.

5. ఖాళీ పెట్టెను తూకం వేయండి. చాలా విమాన సంస్థలు అమెరికా వెళ్లే విద్యార్థికి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతిస్తాయి. 5 కిలోల పెట్టె బదులు 3 కిలోలది కొంటే రెండిట్లో కలిపి 4 కిలోలు మిగులుతాయి. గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే కార్మికుడికైతే అదనపు బరువు రుసుమంటే కొన్ని రోజుల కూలీ.

ఈ లెక్కలో ఒక మనిషి మనకు కనిపించడు. పెట్టె బెల్టు మీద కదిలి వెళ్లాక దాన్ని విమానంలోకి ఎత్తేది లోడర్. 737 లాంటి విమానాల్లో అతడు సామాన్ల గదిలో నడుం వంచి, మోకాళ్ల మీద ఉండి పేరుస్తాడు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలే. ఒక్క పెట్టె 32 కిలోలు మించితే చాలా విమానాశ్రయాల్లో తీసుకోకపోవడానికి కారణం లోడర్ల నడుములే. ఎర్ర చొక్కా కూలీ మెడ మీద ఉన్న బరువు మాయం కాలేదు. మన కళ్లకు కనబడని చోటికి మారింది, అంతే.

తేలిక పెట్టె కొని ఆ మిగులును కూడా ఆవకాయతో నింపితే లోడర్‌కు ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఈసారి సర్దేటప్పుడు మిగిలిన ఆ రెండు కిలోలు ఖాళీగానే వదిలేయండి.