గోదావరి సీమలో గ్రంథాలయముల జమాఖర్చులు

రాజమహేంద్రవరమున 1898లో నాళము కృష్ణారావుగారు, వసురాయకవిగా ప్రసిద్ధులైన వడ్డాది సుబ్బారాయుడుగారి పేరిట ఒక గ్రంథాలయమును నెలకొల్పిరి. 1920లో అది అద్దంకి సత్యనారాయణశర్మగారి గ్రంథాలయముతో ఏకమై గౌతమీ గ్రంథాలయమయ్యెను. పుస్తకములను ఒకచోట చేర్చుట సులభమే. వాటిని పోషించు ధనమును ఏటేట సమకూర్చుటయే కష్టము.

ఆ కాలపు గ్రంథాలయములకు చందాలు, విరాళములే ఆధారము. డెల్టా గ్రామములలో రైతు చేతికి సొమ్ము కుప్ప నూర్చిన పిమ్మట వచ్చును. పత్రికల చందా, దీపపు చమురు, సేవకుని జీతము మాత్రము ఏడాది పొడవునా ఇచ్చుకొనవలసినవే. కావున సంవత్సరాంతమున చిట్టాలో కనబడు నిల్వ నిజమైన నిధి కాదు. రాబోవు నెలల ఖర్చు అందులోనే దాగియుండును. భవనమును, పుస్తకములను ఆస్తిగా ఎంత వెల కట్టి వ్రాసికొన్నను, కప్పు కురిసిననాడు వాటినమ్మి పెంకు కొనలేరు గదా! అసలును తాకక వడ్డీతో నడపుటకు శాశ్వతనిధి ఉండవలెను. అట్టి నిధిని కూడబెట్టగలిగిన గ్రామములు అరుదు.

తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. ఉద్యమము ఊరూర వ్యాపించెను గాని, ఆదాయము నిలకడ చెందలేదు. 1948లో మద్రాసు రాష్ట్రమున వెలసిన గ్రంథాలయ చట్టము ఈ లోటును గుర్తించి, ఇంటిపన్ను రూపాయికి ఆరు పైసల సెస్సును విధించెను. ఇవి రూపాయికి 192 చొప్పున ఉండిన పాత పైసలు. ఎనిమిది రూపాయల పన్ను కట్టు గృహస్థు నాలుగు అణాలు ఇచ్చుకొనెనన్నమాట. ఆంధ్రప్రదేశ్ చట్టము 1960లో వచ్చెను. సెస్సు క్రమముగా ఎనిమిది పైసలకు పెరిగెను. ఇవి రూపాయికి నూరు చొప్పున లెక్కించు కొత్త పైసలు.

ఇచటనే మరియొక చిక్కు కలదు. సెస్సును వసూలు చేయునది స్థానిక సంస్థ. దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు అది జమకట్టవలెను. జమకట్టక నిలిచిన మొత్తము లెక్కలలో రావలసిన బాకీగా మాత్రమే మిగులును. బాకీని చూపి ఏ పుస్తక విక్రేతయు పుస్తకములీయడు. దాతల ఔదార్యముపై నాడు ఆధారపడిన గ్రంథాలయములు, పిమ్మట ఈ జమపై ఆధారపడవలసివచ్చెను.

గౌతమీ గ్రంథాలయము 1979లో రాష్ట్ర ప్రభుత్వాధీనమయ్యెను. ఎనుబది సంవత్సరములు పౌరులు మోసిన ఖర్చు ఖజానాకు మారెను; దానితోపాటు ఆ ఖర్చుపై నిర్ణయాధికారము కూడ మారెను. నాటివారు సేకరించిన తాళపత్ర గ్రంథములు మాత్రము నేటికిని అచటనే ఉన్నవి.