మలివయసు పెళ్ళి: 1856 చట్టం చూడని వితంతువు

నేను అద్దెకుంటున్న ఇల్లు అశోక్‌నగర్‌లో ఉంది. ఇంటివాళ్ళు ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దావిడకు డెబ్బై దాటాయి, చిన్నావిడకు అరవై ఆరు. ఇద్దరి భర్తలూ పోయాక ఒక ఇంటికి చేరి, ఒకరి మందుల డబ్బా ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు. మొన్న సంక్రాంతి వెళ్ళాక చిన్నావిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, "చట్టాలవీ చదువుతున్నావు కదా నాయనా, ఈ వయసులో పెళ్ళి చేసుకుంటే ఆయన పెన్షన్ ఆగిపోతుందా?" అని అడిగారు. పొద్దున నడకకు వెళ్ళే పార్కులో పరిచయమైన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన, భార్య లేరు, ఈవిడను అడిగారట.

నాకు జవాబు తెలియలేదు. వితంతు పునర్వివాహ చట్టం మీద పదిసార్లు నోట్సు రాసుకున్న నాకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోవడం సిగ్గనిపించింది. మీ నోట్సు కూడా ఒకసారి తెరిచి చూడండి. ఈశ్వరచంద్ర విద్యాసాగర్, పరాశర స్మృతి, 1856 జూలై, గవర్నర్ జనరల్ కానింగ్. (డల్హౌసీ అని పెట్టి మార్కు పోగొట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బిల్లు ఆయన కాలంలో మొదలైంది, చట్టమైంది కానింగ్ వచ్చాక.) సాధారణంగా మనం ఇక్కడితో పేజీ తిప్పేస్తాం.

తిప్పకుండా సెక్షన్ 2 చూడండి. మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకు మొదటి భర్త ఆస్తిలో ఉన్న భరణం హక్కు, వారసత్వ హక్కు రెండూ రద్దవుతాయి. ఆమె ఆ రోజే చనిపోయినట్టు లెక్కగట్టి ఆస్తి తరువాతి వారసులకు పోతుంది. పెళ్ళికి అనుమతిచ్చిన చట్టమే పెళ్ళికి ఆ ధర కూడా కట్టింది. విచిత్రమేమిటంటే, మారుమనువు ఆచారంగా ఉన్న కులాల స్త్రీలకు అంతకుముందే ఆ స్వేచ్ఛ ఉంది. వాళ్ళకూ ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అలహాబాద్ హైకోర్టు వర్తించదంది. బొంబాయి, కలకత్తా, మద్రాసు కోర్టులు వర్తిస్తుందన్నాయి. అంటే సంస్కరణ పేరుతో వచ్చిన చట్టం కొందరి దగ్గరున్నది కూడా తీసుకుంది. మెయిన్స్‌లో 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అని అడిగితే రాయాల్సింది ఇదే.

ఇక రెండో సంగతి, మా ఇంటి చిన్నావిడకు దగ్గరగా వచ్చేది. సంస్కర్తల వాదమంతా బాలవితంతువు చుట్టూ తిరిగింది. 1856 డిసెంబరులో కలకత్తాలో జరిగిన తొలి పెళ్ళిలో వధువు చిన్నపిల్ల. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహంలోనూ అంతే. పసిపిల్లకు జరిగిన అన్యాయం అంటే ప్రత్యర్థి కూడా ఒక క్షణం ఆగి వింటాడు కాబట్టి ఆ వ్యూహాన్ని తప్పుపట్టలేం. కాని దానివల్ల వితంతువు పెళ్ళి 'బతుకు మొదలుకాని పిల్లకు న్యాయం'గానే జనం మనసులో నిలిచింది. బతుకు చాలావరకు గడిచాక తోడు కోరుకునే స్త్రీ ఆ బొమ్మలో ఎక్కడా లేదు. 1893లో ధోండో కేశవ కర్వే పండిత రమాబాయి శారదా సదన్‌లో చదువుకున్న వితంతువు గోదూబాయిని పెళ్ళాడినప్పుడు ఆమె పసిపిల్ల కాదు, ఆయనకూ దాదాపు 35 ఏళ్ళు. అలాంటివి అరుదు.

మరి ముసలి వరుడు? ఆయనకు ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' గుర్తు చేసుకోండి. ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు: అక్క బుచ్చమ్మ యువ వితంతువు, చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టే ఏర్పాటు. తాత వయసువాడికి పెళ్ళి మామూలు, అక్కకు మాత్రం మళ్ళీ పెళ్ళి లేదు. గురజాడ నవ్విస్తూ చూపించింది ఈ లెక్కనే.

పెళ్ళి కుదరని వాళ్ళకు సంస్కర్తలు చూపిన రెండో దారి చదువు, వసతి. 1912లో మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి మొదలుపెట్టిన గృహం అలాంటిది. ఆమె చిన్నతనంలోనే వితంతువు. ఆమెకు అండగా నిలిచిన పిన్నీ వితంతువే. ఆడవాళ్ళు ఒకరికొకరు ఆసరాగా బతికే ఆ పద్ధతి ఎందరినో నిలబెట్టింది. మా ఇంటి అక్కచెల్లెళ్ళు తెలియకుండానే ఆ దారిలో ఉన్నారు.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం మారింది. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 స్త్రీకి సంపూర్ణ యాజమాన్యం ఇచ్చింది. 1856 చట్టాన్నే 1983లో రద్దు చేశారు. కొందరు వితంతువులు మళ్ళీ పెళ్ళాడితే వారసత్వం ఇవ్వని సెక్షన్ 24 మాత్రం 2005 సవరణ దాకా బతికే ఉంది. కాని సెక్షన్ 2 ఆత్మ పెన్షన్ నిబంధనల్లోకి దూరిందని నా అభిప్రాయం. కుటుంబ పెన్షన్ వితంతువుకు మరణం లేదా పునర్వివాహం, ఏది ముందైతే అంతవరకే. కేంద్ర ఉద్యోగుల విషయంలో పిల్లల్లేని వితంతువుకు మాత్రం ఆదాయ పరిమితితో మినహాయింపు ఉంది. రెండోవైపు, 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు, పదవీ విరమణ తర్వాత పెళ్ళాడిన భార్య కూడా కుటుంబ పెన్షన్‌కు అర్హురాలేనని చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో 60 దాటినవాళ్ళు 10 కోట్లకు పైగా ఉన్నారు, వాళ్ళలో స్త్రీలే ఎక్కువ. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదని చెప్పడానికి ఆ అంకె చాలు.

చిన్నావిడకు ఒక కూతురు ఉంది. కాబట్టి మినహాయింపు వర్తించదు, పెన్షన్ ఆగుతుంది. రెండు రోజుల తర్వాత అదే చెప్పాను. లెక్చరర్ గారి పెన్షన్ నిబంధనలు చూసుకోమని కూడా చెప్పాను. ఆవిడ తలూపి ఊరుకున్నారు. లోపలినుంచి పెద్దావిడే అన్నారు: "పెన్షన్ సంగతి సరేనయ్యా. అది వెళ్ళిపోతే రాత్రి నా బీపీ బిళ్ళ ఎవరు గుర్తుచేస్తారో, దానికేమైనా సెక్షన్ ఉందేమో చూడు."

చిన్నావిడ నవ్వలేదు. ఇప్పుడు లెక్చరర్ గారు ఆదివారాలు భోజనానికి వస్తున్నారు. మూడో కంచం పెద్దావిడే వేస్తున్నారు.