చివరి ముద్ద పెరుగన్నం

మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా చివరి ముద్ద పెరుగన్నమే. వెళ్లేటప్పుడు ‘పోతా’ అనకూడదు, ‘పొయ్యొస్తా’ అనాలి. తరాలుగా బెంగళూరులో ఉంటున్నా, వీధిలో కన్నడమే మాట్లాడినా ఈ రెండూ వదల్లేదు. మారిందల్లా ఆ ముద్ద తినే చోటు.

1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు దండుకు రైలు వచ్చాక మద్రాసు దగ్గరైంది. కానీ మా పెద్దల చేతిలో సద్దిమూట అట్లనే ఉండింది. చిత్రాన్నం, నిప్పట్లు, మరచెంబులో నీళ్లు. తర్వాత తర్వాత స్టేషన్లలో శాకాహారులకని వేరే గదులు పెట్టినా మనవాళ్లు ఆ గడప తొక్కలేదు. ఎవరు వండారో, పక్కన ఎవరు కూర్చుంటారో అన్నదే బెంగ. ఇది మన ఒక్కరి సంగతి కాదు. 1888లో లండన్‌కు ఓడెక్కిన గాంధీ కూడా వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతోనే ఎక్కువగా కడుపు నింపుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు.

ఈ మడిని మెల్లగా సడలించింది ఊళ్లోని హోటళ్లే. ఉడిపి వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు 1924లో మొదలుపెట్టిన హోటలే తర్వాత ఎమ్.టి.ఆర్. అయింది. అట్లాంటి చోట్ల ముందు కాఫీ, తర్వాత ఇడ్లీ, ఆ తర్వాత ఊట. మగవాళ్లు ముందు అలవాటు పడ్డారు, పిల్లలు తర్వాత. ఆడ పెద్దలు మాత్రం ఇల్లు దాటి తినలేదు.

హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నన్నాళ్లు ఇంట్లో తినే బయల్దేరేవాళ్లం. 2008 మేలో విమానాలు దేవనహళ్లికి మారాయి. ఊరి నడుమ నుంచి దాదాపు 35 కిలోమీటర్లు. విదేశీ విమానానికి మూడు గంటల ముందే ఉండాలి, పైగా దారిలో ట్రాఫిక్. సాయంత్రం ఏడుకు ఇంట్లో తింటే అర్ధరాత్రి దాటాక విమానం. సద్ది కడదామంటే, ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం కింద పెరుగూ పడుతుంది. లోపలికేమో టికెట్ ఉన్నవాళ్లనే పంపుతారు. తనిఖీలన్నీ అయ్యాక హోటల్లో కూర్చుంటే బిడ్డ ఒక్కతే తినాలి.

మా చిన్నపిల్ల చదువుకని జర్మనీ వెళ్లిన రోజు అందుకే టెర్మినల్ బయటి హోటల్లోనే కూర్చున్నాం. అవ్వ కూడా వచ్చింది. ఎనభై ఏళ్లలో బయట మెతుకు ముట్టని మనిషి. మా మాటలు విని వడ్డించే అబ్బాయి తెలుగులోనే అడిగాడు, “అవ్వా, పెరుగన్నం తెద్దునా?” అని. చిక్కబళ్లాపురం వైపు పిల్లవాడు. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, కోలారు పల్లెల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఎందరో. ఊరు దాటి ఇంత దూరం వచ్చామనుకున్నాం గానీ, వచ్చింది మన మాట వినపడే చోటికే.

పెరుగన్నం వచ్చింది. పిల్ల చెంచా పట్టుకుని అట్లనే కూర్చుంది, గొంతు దిగడం లేదు. అవ్వ గిన్నె తన వైపు లాక్కుని, చేత్తో కలిపి, ముందు తనే ఒక ముద్ద తినింది. “బాగానే ఉంది, తిను” అంటూ రెండో ముద్ద పిల్ల నోటికి అందించింది.

ఎవరు వండారని ఆ రోజు అవ్వ అడగలేదు. గుమ్మం దగ్గర పిల్ల ‘పొయ్యొస్తా’ అనిందా లేదా అని మాత్రం మమ్మల్ని రెండుసార్లు అడిగింది. అనింది.